ఒకే టబ్బులో ఫ్లైట్రాప్, డ్రోసెరా, పిచర్ ప్లాంట్లు కలిపి పెట్టొచ్చా?

బాల్కనీ_బాబాయ్:
అందరికీ నమస్తే అండి. మాది హైదరాబాద్, మియాపూర్ సైడ్, ఐదో ఫ్లోర్ బాల్కనీ, పొద్దున ఆరున్నర నుంచి పదకొండు దాకా మంచి ఎండ. స్కూల్లో కీటకాహార మొక్కల పాఠం చదివినప్పట్నుంచి పిచ్చి నాకు, మొత్తానికి పోయిన వారం ఆన్‌లైన్లో నాలుగు తెప్పించా. వీనస్ ఫ్లైట్రాప్, డ్రోసెరా కేపెన్సిస్ (ఆకుల మీద జిగురు చుక్కలుండేది), సరసీనియా, నెపెంథిస్ (ఈ రెండూ పిచర్ ప్లాంట్లే). అన్నీ టీ గ్లాసంత కుండీల్లో వచ్చాయి. ఇంట్లో 16 అంగుళాల ప్లాస్టిక్ టబ్బు ఖాళీగా ఉంది, నాలుగూ అందులో పెట్టేసి మధ్యలో రెండు రాళ్లు పేరిస్తే చిన్న అడవిలా ఉంటుందని ఆశ. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్ ఉన్నాయి. అన్నీ పురుగుల్ని తినేవే కదా, ఒకటే మట్టి సరిపోతుందా? ఇంకోటి, మావాడు పెన్సిల్ పెట్టి ఫ్లైట్రాప్ నోళ్లు మూడు మూసేశాడు, మళ్లీ తెరుచుకుంటాయా?

మిద్దె_మీద_మడి:
అన్నా ఆగు ఆగు, ముందు ఆ వర్మీకంపోస్ట్ కనపడకుండా దాచెయ్. మట్టిలో బలం లేకనే ఇవి పురుగుల్ని పట్టుకుని తింటయ్, నువ్వు మట్టిలనే బలం పెడితే వేర్లు మాడిపోతయ్. పీట్ మాస్ (చివికిన నాచు) సగం, పెర్లైట్ (తెల్లటి తేలిక గుల్ల రాళ్లు) సగం, అంతే, ఎరువు కలిపిన పీట్ మాత్రం కొనకు. కోకోపీట్‌ల ఉప్పు ఉంటది, ఐదారు సార్లు కడిగినా నాకైతే నమ్మకం లేదు.

మూడేండ్ల కింద నేను కూడా గిట్లనే నాలుగు కలిపి పెట్టిన. ఫ్లైట్రాప్‌కు, సరసీనియాకు కింద ప్లేట్ల అంగుళం నీళ్లు ఎప్పుడూ ఉండాలె కదా, ఉంచిన. నెపెంథిస్‌కు అదే చావొచ్చింది. దానికి తేమ కావాలె గానీ వేర్లు నీళ్లల్ల నానొద్దు. నెల తిరిగేసరికి కాండం మొదలు నల్లగా మెత్తబడింది, వేలితో నొక్కితే మగ్గిన అరటిపండు లెక్క దిగింది. కాబట్టి నెపెంథిస్‌ను టబ్బులకెళ్లి తీసెయ్, దానికి వేరే వేలాడే కుండీ, బెరడు ముక్కలు, పెర్లైట్, కొంచెం స్ఫాగ్నమ్ నాచు.

నీళ్లు ఏం పోస్తున్నవ్? టీడీఎస్, అంటే నీళ్లల్ల కరిగిన ఉప్పులు, 50 పీపీఎం లోపు ఉండాలె. బోరు నీళ్లు అస్సలొద్దు. ఆర్వో అని కూడా ధీమాగా ఉండకు, మినరల్ కార్ట్రిడ్జ్ ఉన్న మిషన్ల నీళ్లు మీటర్ పెట్టి చూస్తే ఒక్కోసారి వంద చూపిస్తయ్. వాన నీళ్లు పట్టి పెట్టుకో.

ఖాళీగా మూసుకున్న నోళ్లు ఒకటి రెండు రోజుల్ల తెరుచుకుంటయ్ తీ, కానీ ఒక్కో నోరు కొన్ని సార్లే పనిజేస్తది, తర్వాత నల్లబడి రాలిపోతది. పెన్సిల్ బంద్ చెయ్యమను.

కేరీ_కాపు_కాసేవాడు:
నేను నార్త్ కరోలినాలో ఉంటానండి. ఫ్లైట్రాప్ సొంతూరు మాకు రెండు గంటల దూరం, విల్మింగ్టన్ చుట్టుపక్కల. కరోలినా బీచ్ స్టేట్ పార్క్‌లో వాటి కోసమే ఒక ట్రయిల్ ఉంది, వంగి వెతికితే గానీ కనపడవు, అర్ధరూపాయి బిళ్లంత నోళ్లు. ఆ తడి ఇసుక నేలల్లోనే సరసీనియా, డ్రోసెరాలో వేరే రకాలు కూడా ఉంటాయి (మీ కేపెన్సిస్‌ది దక్షిణాఫ్రికా), అందుకని ఈ మూడూ కలిపి పెట్టడం తప్పేం కాదు, ఇవి పక్కింటోళ్ల లాంటివే. అక్కడ అప్పుడప్పుడూ కావాలనే గడ్డి తగలబెడతారు, లేకపోతే పొడుగు గడ్డి నీడ పడి ఫ్లైట్రాప్ చచ్చిపోద్ది. మీ టబ్బులో ఆ గడ్డి పాత్ర సరసీనియాది, కొన్ని రకాలు రెండడుగులు దాటతాయి. దాన్ని వెనక్కి నెట్టి ఎండ వచ్చే వైపు ఫ్లైట్రాప్ పెట్టండి. కేపెన్సిస్ పూలు మాత్రం గింజ కట్టకముందే కత్తిరించండి, లేదంటే వచ్చే ఏడాదికి టబ్బంతా అదే ఉంటుంది. నాకు తెలిసిన మొక్కల్లో దీనంత సిగ్గులేనిది లేదు.

అసలు చిక్కు చలికాలం. ఫ్లైట్రాప్, సరసీనియాలకి మూడు నాలుగు నెలలు గట్టి చలి నిద్ర కావాలి. హైదరాబాద్ జనవరిలో పగలు 28, 29 ఉంటే అవెక్కడ పడుకుంటాయి?

మిద్దె_మీద_మడి:
అందుకే డిసెంబర్ల తీసి ఫ్రిజ్‌ల పెడ్త. ఆకులు కత్తిరించి, తడి నాచుల చుట్టి, జిప్ కవర్ల వేసి కింద కూరగాయల డబ్బాల. మొదటి ఏడు మా అమ్మ ఆ తెల్ల గడ్డను చూసి ఎల్లిపాయ మొలకొచ్చింది అనుకొని చెత్తబుట్టల వేసింది, అదృష్టం బాగుండి బుట్ట ఇంకా గుమ్మం కాడనే ఉండె. వారానికోసారి తీసి బూజు చూసుకోవాలె.

గంటస్తంభం:
ఫ్రిజ్ అంటే ప్రతి ఏడూ టబ్బు తవ్వడమే కదండీ, కేపెన్సిస్ వేర్లన్నీ తెగిపోతాయి. నా మాట వింటే ఫ్లైట్రాప్, సరసీనియా రెండింటినీ చిన్న కుండీల్లోనే ఉంచి, ఆ కుండీలతో సహా పీట్‌లో పాతెయ్యండి. పైకి ఒకటే తోటలా ఉంటుంది, కావలసినప్పుడు ఎత్తేసుకోవచ్చు.

ఇంకోటి, ఎక్కడెక్కడివో తెప్పించుకుంటాం గానీ డ్రోసెరా బర్మానీ మన దగ్గరే ఉంది. మా విజయనగరం వైపు వానలు వెనకబట్టాక తడి ఇసుక నేలల్లో ఎర్రగా, రూపాయి బిళ్లంత, నేలకి అంటుకుని ఉంటుంది. తెలీకపోతే తొక్కేసి వెళ్లిపోతాం. ఏడాది మొక్క, గింజ రాల్చి చచ్చిపోద్ది. పీక్కురావద్దు, నాలుగు గింజలు తెచ్చి పీట్ మీద చల్లితే చాలు, పైన మట్టి కప్పకూడదు. మీ టబ్బు ముందు వరసకి అదే సరైనది. రాళ్లు గ్రానైట్ అయితే పర్లేదు, సున్నపురాయి, సిమెంట్ ముక్కలు వద్దు.

బాల్కనీ_బాబాయ్:
అందరికీ చాలా థాంక్స్ అండి. పక్కింటాయన దగ్గర మీటర్ అడిగి తెచ్చా. బోరు 710, మా ఆర్వో 88! నాలుగు రోజులుగా అవే పోస్తున్నా. ఇప్పుడు మొక్కలన్నీ పెరుగు డబ్బాల్లో వాన నీళ్లలో కూర్చున్నాయి, నిన్న సాయంత్రం వానకి బకెట్లు పెట్టా. నెపెంథిస్ కిటికీ గ్రిల్‌కి వేలాడదీశా. కుండీతో పాతే ఐడియానే చేస్తా. పెన్సిల్ దాచేశాం, ఇప్పుడు వేలు పెడుతున్నాడు.