56కె మోడెం పెట్టినా డౌన్‌లోడ్ 3.4 కేబీ దాటట్లేదు, ఎందుకు? (డయలప్ రోజుల నాటి ఫోరం చర్చ)

జగిత్యాల పోరడు:
అందరికీ నమస్కారం. పోయిన నెల కంప్యూటర్‌లో ఫోన్ లైను మీద నెట్ కలిపే కొత్త మోడెం వేయించాం, డబ్బా మీద 56కె, వి.90 (56కె మోడెములు కలిసే పద్ధతి పేరట) అని పెద్దక్షరాలతో ఉంది. తీరా చూస్తే 5 ఎంబీ పాట ఒక్కటి దించుకోవాలంటే 25 నిమిషాలు పడుతోంది, విండోలో సెకనుకు 3.3, 3.4 కేబీ మించి చూపించదు. 56 లెక్కన అయితే నిమిషంన్నరలో రావాలి కదా? కింద మూలన రెండు కంప్యూటర్ల బొమ్మ మీద నొక్కితే 31,200 బీపీఎస్ (సెకనుకు బిట్లు) అని ఉంటుంది, ఎన్నిసార్లు కలిపినా అదే అంకె. పక్క వీధిలో మా ఫ్రెండుకి ఇదే ఎక్స్ఛేంజ్, ఇదే నెట్, వాడికి 46,667 వస్తుంది. రాత్రి ఎనిమిది దాటితే మాత్రం ఇద్దరికీ ఒక కేబీ కూడా రాదు. ఫోన్ బిల్లు చూసి నాన్న వైరు పీకేస్తానంటున్నారు. మోడెం మార్చమంటారా?

నెట్ సెంటర్ అన్న:
మార్చకు తమ్ముడూ, డబ్బులు దండగ. 56 అనేది కిలోబిట్లలో, నీ విండో చూపించేది కిలోబైట్లలో. బైటుకి 8 బిట్లు గనక 31,200ని 8తో భాగిస్తే 3,900 బైట్లు, అందులో ప్రతి ప్యాకెట్‌కీ ముందు తగిలించే అడ్రసుల సమాచారం కొంత తినేస్తుంది, కాబట్టి 3.4 అంటే నీ లైను ఇవ్వగలిగినంతా ఇస్తున్నట్టే. జిప్ ఫైళ్లు, పాటలు ముందే కుదించి ఉంటాయి గనక మోడెం వాటిని ఇంకా కుదించలేదు, అదే ఉత్తి అక్షరాల పేజీ అయితే ఇంతకంటే త్వరగా వస్తుంది, గమనించు.

అసలు చూడాల్సింది ఆ 31,200 అంకెని. 28,800, 31,200, 33,600 ఇవన్నీ వి.34 అనే పాత పద్ధతిలోని మెట్లు. వి.90లో కలిస్తే 44,000, 45,333, 46,667 ఇలా వస్తాయి. అంటే డబ్బా మీద ఏం రాసున్నా నీ మోడెం వి.90లో కలవడమే లేదు. ఎందుకంటే ఎక్స్ఛేంజ్‌లో మన గొంతుని సెకనుకు 8,000 సార్లు కొలిచి ఒక్కోదాన్ని 8 బిట్లుగా మారుస్తారు, నెట్ కంపెనీ వైపు లైను నేరుగా డిజిటల్‌గానే, అంటే ఆ బిట్ల రూపంలోనే ఉంటుంది, అక్కడి నుంచి వచ్చేది మళ్లీ అనలాగ్, అంటే మామూలు ఫోన్ సిగ్నల్, అయ్యేది మీ ఎక్స్ఛేంజ్‌లో ఒక్కసారే. వి.90 మొత్తం ఈ ఒక్కసారి మీదే ఆధారపడింది. మధ్యలో ఇంకోసారి ఎక్కడైనా మారిందా, కలిసేటప్పుడు ఆ కీచు శబ్దాల్లోనే మోడెములు పసిగట్టి వి.34కి దిగిపోతాయి. మీ ఫ్రెండుకి 46,667 వస్తోందంటే ఎక్స్ఛేంజ్, నెట్ కంపెనీ రెండూ బాగానే ఉన్నట్టు. ఇంట్లో ఇంటర్‌కమ్ ఏమైనా ఉందా?

జగిత్యాల పోరడు:
ఉందన్నా! కింద మా బట్టల షాపు. లైను ముందు అక్కడి ఈపీఏబీఎక్స్‌కి (ఒకే లైనుని లోపలి ఫోన్లకి పంచే పెట్టె) వచ్చి, అందులోంచి ఎక్స్‌టెన్షన్ పైకి వస్తుంది.

పాత టెలికాం ఉద్యోగి:
దొరికింది బాబూ. డిజిటల్ ఈపీఏబీఎక్స్ అయితే ఆ రెండోసారి మార్పు అందులోనే జరుగుతుంది. బయటి నుంచి వచ్చే జత వైర్లని పెట్టెకి వెళ్లకముందే, రోజెట్ (గోడ మీద ఫోన్ వైరు తగిలించే చిన్న డబ్బా) దగ్గర నుంచి నేరుగా మోడెంకి ఇచ్చి చూడండి. అదే లైను మీద పారలల్‌గా వేరే ఫోన్లు ఉంటే ఆ కాసేపూ పీకేయండి. ఇంకో పరీక్ష, ఫోన్ ఎత్తి ఏదో ఒక అంకె నొక్కండి, డయల్ టోన్ ఆగిపోతుంది, అప్పుడు చెవి పెట్టి వినండి. బరబర, గుయ్యిమనే హమ్ వినిపిస్తే డ్రాప్ వైరులోనో (స్తంభం నుంచి ఇంటికొచ్చే వైరు) డీపీ బాక్స్‌లోనో (వీధిలో లైన్లు పంచే డబ్బా) జాయింటు పాడైనట్టు. వానాకాలం జాయింట్లలో తడి చేరి ఇది మరీ ఎక్కువవుతుంది. అలా ఉంటే ఫోన్ ఆఫీసులో కంప్లయింట్ రాయించండి, "నెట్ స్లో" అనకండి, "మాట్లాడితే నాయిస్ వస్తోంది" అనండి, లైన్‌మన్ వచ్చేది ఆ మాటకే.

రాత్రి సంగతి మీ లైనుది కాదు. కలిసిన స్పీడు అంతే ఉండి డౌన్‌లోడ్ పడిపోతే, నెట్ కంపెనీ బయటికి తీసుకున్న లైను అందరూ కలిసి వాడేస్తున్నారని. దానికి మీ ఇంట్లో చేయగలిగేది ఏమీ లేదు, తెల్లవారుజామున దించుకోండి.

జగిత్యాల పోరడు:
పెట్టె తప్పించి నేరుగా ఇచ్చాను, 44,000! సెకనుకు 5 కేబీ, అదే సైజు పాట 17 నిమిషాల్లో వచ్చింది. హమ్ ఏమీ లేదు సార్. అప్‌లోడ్ మాత్రం పెద్దగా మారినట్టు లేదు. ఇంకో చిక్కు, ఇలా పెడితే షాపులో ఫోన్ చచ్చిపోతోంది, నాన్న ఊరుకోరు.

నెట్ సెంటర్ అన్న:
అప్‌లోడ్ వి.90లో కూడా 33,600 దాటదు, దాన్ని వదిలేయ్. షాపు కోసం రెండు వైర్లూ ఒకేసారి మారే చేంజోవర్ స్విచ్ ఒకటి ఎలక్ట్రికల్ షాపులో తీసుకుని రోజెట్ పక్కన బిగించు. పగలు పెట్టె వైపు, షాపు కట్టేశాక మోడెం వైపు.