రాత్రి వార్డులో హాలోపెరిడాల్: ఈసీజీ లేకుండా ఇవ్వొచ్చా?

మెడిసిన్_పీజీ: 78 ఏళ్ల పెద్దాయన. తొంటి ఆపరేషన్ అయ్యాక రెండో రాత్రి. నరానికి పెట్టిన ఐవీ లైన్ పీకేస్తున్నారు, మంచం దిగబోతున్నారు. డెలీరియమే (ఉన్నట్టుండి వచ్చే అయోమయం). ఉద్రేకం తగ్గించే హాలోపెరిడాల్‌కు ముందు ఈసీజీ తప్పనిసరా?

ఫార్మకాలజీ_గది: తప్పనిసరే. ఈసీజీలో క్యూటీ అంటే గుండె ఒక్కోసారి కొట్టుకుని తేరుకునే వ్యవధి; ఈ మందు దాన్ని సాగదీస్తుంది, మరీ సాగితే గుండె లయ ప్రమాదకరంగా తప్పొచ్చు. గుండె వేగానికి సరిచేసిన క్యూటీ, అంటే క్యూటీసీ, 500 మిల్లీసెకన్లు దాటితే ఇవ్వకూడదు. రక్తంలో పొటాషియం 4 (mEq/L), మెగ్నీషియం 2 (mg/dL) కంటే తగ్గకుండా చూసుకోవాలి. చార్టులో ఆన్‌డాన్‌సెట్రాన్ (వాంతుల మందు), అజిత్రోమైసిన్ (యాంటీబయాటిక్) ఉన్నాయేమో చూడండి, అవీ క్యూటీని సాగదీస్తాయి. ఐవీలో ఇస్తే ముప్పు ఎక్కువని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే హెచ్చరించింది.

సర్జరీ_వార్డు: కాళ్లూ చేతులూ విదిలిస్తుంటే లీడ్లు ఎక్కడ అతికించమంటారు సార్?

ఫార్మకాలజీ_గది: ఆపరేషన్‌కు ముందు తీసిన ఈసీజీ కేస్‌షీట్‌లో ఉంటుంది కదా. ముందు అది తిరగేయండి. కుదుటపడ్డాక కొత్తది తీయండి.

వృద్ధుల_వైద్యం: అందరూ ఈసీజీ దగ్గరే ఆగారు, డోసు ఒక్కరూ అడగలేదు. 5 మి.గ్రా. ఆంప్యూల్ (1 మి.లీ.) మొత్తం లాగి, ఫెనర్గాన్ (మగత తెచ్చే అలర్జీ మందు) 50 మి.గ్రా.తో కలిపి కండకు ఇచ్చేస్తున్నారు. 2004లో వెల్లూరు ట్రయల్ ఆ జోడీని పరీక్షించింది మానసిక వైద్య ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ల మీద, తొంటి విరిగిన ముసలివాళ్ల మీద కాదు. ఈయనకు 0.5 మి.గ్రా. చాలు. 1 మి.లీ. సిరంజిలో 0.1 గీత దాకా, అంతే. ఫెనర్గాన్ మూత్రాన్ని బిగబట్టి, అయోమయాన్ని ఇంకా పెంచుతుంది. పార్కిన్సన్స్ ఉంటే హాలోపెరిడాల్ ముట్టుకోవద్దు.

సర్జరీ_వార్డు: 0.5తో ఎవరు పడుకుంటారండీ? ఆయన పడి తొంటి మళ్లీ విరిగితే ఇంట్లోవాళ్లు నిలదీసేది నన్ను.

వృద్ధుల_వైద్యం: పడుకోబెట్టడానికి కాదండీ ఈ మందు! పొత్తికడుపు తడిమి చూశారా? మూత్రం నిండి గట్టిగా ఉబ్బిందేమో. నొప్పి మందు వేళకు పడిందా? ఆక్సిజన్, షుగర్, సోడియం ఎంత? రోజూ తాగే మనిషైతే ఇది మద్యం మానిన బాధ కావచ్చు, అప్పుడు లోరాజెపామ్ (నెమ్మదింపజేసే మందు), థయామిన్ (విటమిన్ బి1) కావాలి.

నైట్_సిస్టర్: కళ్లజోడు, చెవి మెషిన్ ఆపరేషన్‌కు ముందు తీసి ఇంట్లోవాళ్లకు ఇచ్చేస్తాం. తిరిగి తెప్పించి పెట్టండి. కూతురో కొడుకో పక్కన కూర్చుంటే చాలామంది నెమ్మదిస్తారు.

సర్జరీ_వార్డు: ఇవన్నీ చూడటానికి మనిషేరీ? వార్డు మొత్తానికి ఒక్క సిస్టర్. మనుషుల్ని ఇవ్వరు, మందు మాత్రం మానేయమంటారు. తప్పు మా నెత్తిన పెడతారు!

ఫార్మకాలజీ_గది: మనుషుల కొరత నిజమే, ఒప్పుకుంటాను. అయితే ఎందుకు ఇచ్చారో, ఎప్పుడు ఆపాలో కేస్‌షీట్‌లో రాయండి. రాయకపోతే ఆ రాత్రి ఇచ్చిన మందు డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కి నెలల తరబడి సాగుతుంది. ఎవరూ ఆపరు.

సర్జరీ_వార్డు: ఆపే తేదీ రాస్తాను. అర్ధరాత్రి ఈసీజీ మాత్రం నావల్ల కాదు.