కళ్ళ ముందు తేలే చుక్కలకి లేజర్ చేయించాలా, వదిలేయాలా?

బందరురోడ్డు_61:
నాకు 61. రెండు నెలల క్రితం ఎడమ కంట్లో ఉన్నట్టుండి సాలెగూడు ముక్కలాంటిది తేలడం మొదలైంది. దోమ అనుకుని పేపరు చదువుతూ రెండుసార్లు చెయ్యి విసిరాను కూడా. రెటీనా డాక్టరు చుక్కల మందు వేసి చూసి, రెటీనాకి (కంటి వెనకాల ఉండే పొరకి) చిరుగులేమీ లేవు, వయసుతో వచ్చేదే, అలవాటైపోతుంది అన్నారు. ఇంకోచోట లేజర్‌తో కరిగించేస్తాం అంటున్నారు. తెల్లగోడ చూస్తే మహా చిరాకుగా ఉంది. చేయించుకున్నవాళ్ళు చెప్పండి.

సాగరతీరం:
నేను చేయించుకున్నాను సార్. నాది గుండ్రంగా ఒకటే పెద్దది, వైస్ రింగ్ అంటారట. రెండు సిట్టింగులు పట్టింది. చిన్న ముక్కలు మిగిలాయి గానీ, చదువుతుంటే అక్షరాల మీదికి వచ్చే అడ్డం పోయింది. అలవాటైపోతుంది అనేవాళ్ళకి నా కన్ను ఒక్కరోజు అరువిస్తాను, చూసి చెప్పమనండి.

కంటిఅద్దాలు:
ఆప్టోమెట్రిస్టుని. ఆ "కరిగించడం" అన్న మాటతోనే నాకు పేచీ. కంటి లోపల సుమారు 4 మిల్లీలీటర్ల గుజ్జు ఉంటుంది. 98 శాతం పైగా నీళ్ళే, మిగతాదాంట్లో సన్నటి కొల్లాజెన్ పోగులు. వయసు పైబడే కొద్దీ గుజ్జు నీరవుతుంది, పోగులు ఉండకడతాయి. మీకు కనిపించేది రెటీనా మీద పడే వాటి నీడ. యాగ్ లేజర్ ఆ ఉండని పేల్చి ముక్కలు చేస్తుంది. 2017లో అమెరికాలో వైస్ రింగ్ ఉన్న 52 మంది మీద ట్రయల్ జరిగింది. ఆరు నెలలకి లేజర్ చేసినవాళ్ళలో 53 శాతం మంది బాగా మేలన్నారు, ఉత్తుత్తి లేజర్ చేసినవాళ్ళలో ఒక్కరూ అనలేదు. సాలెగూడులా పరుచుకున్నవాటికి అంత గ్యారంటీ కూడా ఇవ్వలేం. గురి తప్పితే కంటి లెన్సుకో రెటీనాకో దెబ్బ.

సాగరతీరం:
సగం మందికి పైగా మేలైతే అది తక్కువా?

కంటిఅద్దాలు:
మిగతా సగం కూడా డబ్బు కట్టినవాళ్ళేనండీ.

మానేరు_అమ్మాయి:
మా అమ్మకి మెరుపులు కనిపిస్తున్నాయంటే దగ్గర్లోని కంటి డాక్టరు కళ్ళు పొడిబారాయని చుక్కలు రాసిచ్చాడు. కంటిపాప పెద్దది చేసి చూడనే లేదు. పన్నెండో రోజు ముక్కువైపు నుంచి నల్లటి తెర జరుగుతోందంది. రెటీనా ఊడిపోయింది. ఆపరేషన్ చేసి గ్యాస్ నింపారు. వారం పాటు బోర్లా పడుకునే అన్నం తినింది, పళ్ళెం నేల మీద పెట్టి. ముందే లేజర్ చేసుంటే ఇదంతా తప్పేది. మీరేమో లేజర్ వద్దంటారు.

కంటిఅద్దాలు:
అమ్మా, అది వేరే లేజర్. చిరుగు చుట్టూ మచ్చలు కాల్చి రెటీనా ఊడకుండా అతికిస్తారు. అది ఆలస్యం చేస్తేనే ముప్పు. నేను వద్దనేది తేలే పోగుల్ని పేల్చేదాన్ని. బోర్డు మీద రెంటికీ లేజర్ అనే రాస్తారు, గొడవంతా అక్కడే. ఉన్నట్టుండి చుక్కలు, మెరుపులు మొదలైనవాళ్ళలో సుమారు పదిమందికొకరికి చిరుగు దొరుకుతుంది. అందుకే ఆరోజే చూపించుకోమంటాం. మొదట బాగానే ఉందన్నా నాలుగైదు వారాలకి మళ్ళీ రమ్మంటారు.

డాలస్_బాబాయి:
నేను గుజ్జు మొత్తం తీయించేశాను, విట్రెక్టమీ. చుక్కలు పూర్తిగా పోయాయి. ఏడాదిన్నరలో శుక్లం వచ్చింది, దానికింకో ఆపరేషన్. యాభై దాటాక ఇలా కావడం మామూలేనని ముందే చెప్పారు, సంతకం పెట్టేటప్పుడు ఎవడు వింటాడు!

బందరురోడ్డు_61:
ఆ రెండో చెకప్‌కి నేను వెళ్ళనే లేదు. చుక్కల మందు వేశాక మూడు గంటలు ఫోన్ కూడా కనిపించదని బద్ధకించాను. రేపు మా అబ్బాయిని తీసుకుని వెళ్తాను. పోగుల లేజర్ సంగతి దసరా దాటాక.

సాగరతీరం:
దసరా దాకా ఎందుకు సార్, రేపు ఆ డాక్టరునే అడగండి, మీది ఏ రకమో.