అప్‌డేట్: పాత 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోనా, కొత్త 15 అంగుళాల ఎయిరా? తేలిపోయింది

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడానికి పెద్ద స్క్రీన్ కావాలి, 2019 ఇంటెల్ చిప్ ఉన్న 16 అంగుళాల ప్రో, 2021లో వచ్చిన, యాపిల్ సొంత చిప్ ఎం1 ప్రో ఉన్న 16 అంగుళాల ప్రో, కొత్త ఎం4 చిప్ ఎయిర్ 15 అంగుళాలది, ఈ మూడింట్లో ఏది కొనాలని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. సెకండ్‌హ్యాండ్‌లో ఎం1 ప్రో తీసుకున్నాను.

ఇంటెల్‌ది చవకగా వస్తోందని మనసు లాగింది కానీ, మ్యాక్ సాఫ్ట్‌వేర్ మ్యాక్‌ఓఎస్‌లో టాహో అనే వెర్షన్‌తోనే ఇంటెల్ మ్యాక్‌లకు కొత్త వెర్షన్లు ఆగిపోతాయని ఒకరు చెప్పగానే దాన్ని పక్కన పెట్టేశాను. ఎయిర్ బాగుంది, తేలిక కూడా. కానీ దానికి ఫ్యాన్ లేదు, నేనేమో ఎడిట్ అయిన వీడియోను ఫైల్‌గా తీయడానికి గంటల తరబడి ఎక్స్‌పోర్ట్ పెడతాను, అంతసేపు వేడెక్కితే స్పీడు తగ్గుతుంది. ఎం1 ప్రో మెషీన్‌లో ఎస్‌డీ కార్డ్ స్లాట్, హెచ్‌డీఎంఐ రెండూ ఉన్నాయి. కెమెరా కార్డు నేరుగా పెట్టేస్తున్నా, అడాప్టర్ల గోల లేదు.

అన్నిటికన్నా పనికొచ్చిన సలహా: "డబ్బిచ్చే ముందు మొత్తం ఎరేజ్ చేయించి, వైఫైకి కలిపి, సెటప్ మొదటి నుంచి చేయించండి." మొదట చూసిన మెషీన్‌లో అలా చేయిస్తే 'రిమోట్ మేనేజ్‌మెంట్' స్క్రీన్ వచ్చింది, అంటే ఇంకా ఏదో కంపెనీ కంట్రోల్‌లోనే ఉందన్నమాట. నమస్కారం పెట్టి వచ్చేశా. తీసుకున్నదానిలో అది రాలేదు, పాత ఓనర్ యాపిల్ అకౌంట్‌తో మెషీన్‌ను లాక్ చేసి ఉంచే ఫైండ్ మై లాక్ కూడా లేదు. బ్యాటరీ సైకిల్ కౌంట్ (ఎన్ని ఫుల్ ఛార్జ్‌ల మేర వాడారో చెప్పే లెక్క) కూడా 1000 పరిమితికి చాలా దూరంలోనే ఉంది.

16 జీబీ ర్యామ్ చాలదేమోనని పడ్డ టెన్షన్ అనవసరం, నా 4కే టైమ్‌లైన్లు హాయిగా నడుస్తున్నాయి. బరువు మాత్రం నిజమే, రెండు కిలోల పైమాటే.