గుద్దింది ట్రాక్టరు, బోనస్ పోయేది నాకా?

వశిష్ఠ గట్టు (పాలకొల్లు):
ఆదివారం రాజోలు నుంచి ఇంటికొస్తున్నాం. చించినాడ బ్రిడ్జి ఎక్కేచోట ముందున్న ధాన్యం ట్రాక్టరు లోడు లాగలేక ఆగింది. నేనూ ఆగాను. హ్యాండ్ బ్రేకు కూడా వేశాను. అది మెల్లగా వెనక్కి జారడం మొదలెట్టింది. హారన్ కొడుతూ కూర్చోవడం తప్ప చేసేదేముంది, వెనకాల బస్సు. ట్రాక్టరు వెనకున్న ట్రక్కు వచ్చి నా కారు బానెట్ మీద కూర్చున్నట్టే కూర్చుంది. బంపరు, కుడి హెడ్‌లైటు పోయాయి, బానెట్ నొక్కుకుపోయింది. షెడ్డులో 18,500 చెప్పారు.

వచ్చే నెల కారు ఇన్సూరెన్సు రెన్యువల్. ఐదేళ్లుగా ఒక్క క్లెయిమ్ లేదు, ఈసారి నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి చేరాలి. ఇప్పుడు క్లెయిమ్ చేస్తే మొత్తం సున్నా అంటున్నాడు మా ఏజెంటు. ఆగి ఉన్న బండిని గుద్దితే నాకెందుకండీ శిక్ష?

పాత ఏజెంటు (తణుకు):
శిక్ష కాదండి. అందరూ పొరబడేది ఇక్కడే. ఎన్‌సీబీ అంటే బాగా నడిపినందుకు ఇచ్చే బహుమతి కాదు, ఆ ఏడాది కంపెనీని డబ్బు అడగనందుకు ఇచ్చే తగ్గింపు. పేరులోనే ఉంది, ‘నో క్లెయిమ్’ అని. ‘నో ఫాల్ట్’ అని లేదు. మొదటి ఏడాదికి 20, తర్వాత 25, 35, 45, 50. ఒక్క క్లెయిమ్ పడితే మళ్లీ సున్నా నుంచే. అయితే ఇది మీ బండి డ్యామేజీకి కట్టే ఓడీ ప్రీమియం మీద మాత్రమే. ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం ఖరారు చేస్తుంది (1000 నుంచి 1500 సీసీ కారుకి 2022 జూన్‌లో పెట్టింది 3,416 రూపాయలు). క్లెయిమ్ చేసినా చేయకపోయినా అందులో మార్పుండదు.

ఆయ్ గురూ (అమలాపురం):
పేరులో ఉందని న్యాయం అయిపోద్దా? మీరు ఏజెంటు కాబట్టి అలాగే మాట్లాడతారు.

లెక్కల మాస్టారు (భీమవరం):
కోపాలు పక్కన పెట్టి ఒక కాగితం తీయండి. బోనస్ లేకుండా ఓడీ ప్రీమియం 9,000 అనుకుందాం. ఈ ఏడాది పోయేది 4,500 అని అందరూ అక్కడితో ఆపేస్తారు. అసలు నష్టం అది కాదు. క్లెయిమ్ చేయకపోతే ఏటా 50 శాతం వస్తూనే ఉండేది. చేస్తే వరుసగా 0, 20, 25, 35, 45. అంటే ఏటేటా పోగొట్టుకునేది 50, 30, 25, 15, 5. కూడితే 125 శాతం, అంటే 11,250. దాని మీద 18 శాతం జీఎస్టీ 2,025. మొత్తం 13,275.

ఇక చేతికి వచ్చేది చూడండి. మీ పాలసీలో జీరో డెప్ (సామాన్లు పాతబడ్డాయని కోత వేయకుండా ఇచ్చే యాడ్-ఆన్) ఉందా? లేకపోతే ప్లాస్టిక్ సామాన్లకి సగమే ఇస్తారు. బంపరు, లైటు కలిపి 11,500 అయితే వచ్చేది 5,750. టింకరింగు, పెయింటు 7,000 అనుకుంటే, పెయింటులో కొంత కోత పోయినా, మొత్తం 12,750 దాటదు. అందులో 1500 సీసీ లోపు కారుకి 1,000 మన వాటా తప్పనిసరి. మిగిలింది 11,750. పదమూడు వేలు పోగొట్టుకుని పదకొండున్నర తెచ్చుకోవడం ఎందుకండీ? జీరో డెప్ ఉంటే మాత్రం 17,500 దాకా వస్తుంది, అప్పుడు క్లెయిమే మేలు.

టింకరింగ్ షెడ్డు (రావులపాలెం):
మాస్టారూ, బండి పాతబడేకొద్దీ ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టే విలువ, తగ్గుతుంది కదా, ఆ 9,000 ఐదేళ్లూ అలాగే ఉంటుందా? నష్టం పది వేలు వేసుకోండి. మా దగ్గరికొచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: బంపరు గీతలకి, చిన్న నొక్కులకి క్లెయిమ్ వేయొద్దు. ఛాసిస్ దాకా వెళ్తే ఆలోచించక్కర్లేదు, వేసేయాలి.

లంకల అబ్బాయి:
మీరంతా రోడ్డు మీద గుద్దుకోవడం గురించే మాట్లాడుతున్నారు. 2022 జులైలో గోదావరికి వరదొచ్చినప్పుడు మా కారు ఇంటి ముందే ఉంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు, ఆ ఏడాది పాతిక లక్షలు దాటింది. సీట్ల దాకా నీళ్లు. క్లెయిమ్ వచ్చింది, కాదనను. కానీ బోనస్ పోయింది. తప్పు గోదారమ్మదని రాయించమంటారా?

శాక్రమెంటో సుబ్బి:
మాది మండపేట దగ్గర, ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. కాలిఫోర్నియాలో ప్రమాదానికి ప్రధానంగా నువ్వే కారణమైతే తప్ప దాని పేరు చెప్పి ప్రీమియం పెంచకూడదు. తప్పులో నీ వాటా 51 శాతమైనా ఉండాలి. ఇక్కడ కుదిరింది అక్కడ ఎందుకు కుదరదు?

పాత ఏజెంటు:
కుదరదని ఎవరన్నారమ్మా. మీ దగ్గర ఎదుటివాడి ఇన్సూరెన్సు వాడికి నేరుగా ఫోన్ చేసి క్లెయిమ్ అడగొచ్చు. ఇక్కడ ఆ ట్రాక్టరు ఇన్సూరెన్సు నుంచి రాబట్టాలంటే పోలీసు కేసు కావాలి, తర్వాత మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కి వెళ్లాలి, 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధన ప్రకారం ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టాలి. ఆస్తి నష్టం కూడా అక్కడ అడగొచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసినా 18,500 కోసం లాయరుని పెట్టుకుని వాయిదాలకి తిరిగేదెవరు? అందుకే అందరూ సొంత పాలసీ మీద పడతారు. కడుపు మండాల్సింది ఎన్‌సీబీ మీద కాదు, ఈ దారి ఇంత ఇరుకుగా ఉన్నందుకు. తప్పెవరిదో తేల్చేవాడు లేనిచోట ‘నా తప్పు లేదు’ అన్నవాళ్లందరికీ బోనస్ ఉంచితే, ఇక ఏ గోడా కదలకుండా ఉండదు. అన్నీ వచ్చి గుద్దినవే.

ఆయ్ గురూ:
ఈ మాట బాగుంది. ముందే చెప్పొచ్చుగా. నాదో సలహా: క్లెయిమ్ చేసేసి, రెన్యువల్‌కి వేరే కంపెనీకి మారిపోండి. అడిగితే క్లెయిమ్ లేదనండి.

పాత ఏజెంటు:
అంత పని మాత్రం చేయకండి. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి సరిచూసుకుంటుంది. అబద్ధమని తేలితే రేపు నిజంగా బండి నుజ్జయినప్పుడు ఓడీ క్లెయిమ్ చేతికి రాదు. ముందుచూపు ఉంటే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అని యాడ్-ఆన్ ఉంది. కంపెనీని బట్టి ఏడాదికి ఒకటో రెండో క్లెయిములు చేసినా బోనస్ నిలుస్తుంది. ఈ ప్రమాదానికి పనికిరాదు, ముందే తీసుకుని ఉండాలి.

కోనసీమ కోడలు:
మా బావగారి కారు అద్దం మీద కొబ్బరికాయ పడింది. చెట్టు పక్కింటివాళ్లది. తప్పెవరిదన్న పంచాయితీ రెండేళ్లుగా నడుస్తోంది.

వశిష్ఠ గట్టు:
మాస్టారి లెక్క చూపిస్తే మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. జీరో డెప్ లేదు, క్లెయిమ్ వేయడం లేదు. ట్రాక్టరాయనది పక్క ఊరే, నిన్న ఇంటికొచ్చారు. ధాన్యం డబ్బులు పడ్డాక తొమ్మిది వేలిస్తానన్నారు, మూడు అప్పుడే చేతిలో పెట్టారు. మిగతాది నేను పెట్టుకుంటున్నాను. బోనస్ 50 నిలబడుతుంది. కానీ ఒక్క మాట, నాలుగేళ్ల క్రితం ప్రొటెక్ట్ గురించి మా ఏజెంటు నోరు విప్పి ఉంటే ఈ గొడవే లేదు.

కోనసీమ కోడలుగారూ, ఇంతకీ ఆ చెట్టు కొట్టించారా?

కోనసీమ కోడలు:
కాపు మీద ఉన్న చెట్టు కొడతారా అండీ! కారే ఇవతలికి జరిపారు.