నాలుగు డిస్కుల ఇంటి సర్వరుకు ఏ రైడ్ అమరిక మేలు?

ప్రశ్న:
ఇంట్లోని ఫొటోలు, వీడియోలు, మూడు కంప్యూటర్ల బ్యాకప్‌లు ఒకేచోట ఉంచడానికి చిన్న సర్వరు సిద్ధం చేస్తున్నాను. 8 టీబీ హార్డ్ డిస్కులు నాలుగున్నాయి. కేసులో ఐదో డిస్కుకు చోటు లేదు. డిస్కు పాడైనా డేటా నిలిచేలా పలు డిస్కులను కలిపి వాడే పద్ధతే రైడ్; అందులో రైడ్ 5 పెడితే 24 టీబీ వస్తుంది. రైడ్ 6 పెట్టినా, ఒకే డేటాను రెండేసి డిస్కుల్లో ఉంచేలా జతలు కట్టి రైడ్ 10 పెట్టినా 16 టీబీయే మిగులుతుంది. ప్రస్తుత డేటా 9 టీబీ లోపే. ఒక డిస్కు పోయినా తట్టుకునే రైడ్ 5 ఇంటి అవసరాలకు చాలదా? చాలదంటే, మిగతా రెండింటిలో ఏది మేలు?

మొదటి జవాబు:
చాలదనే నా అభిప్రాయం. పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టాక, మిగిలిన మూడింటినీ ఆద్యంతం చదివితే గాని రీబిల్డ్ (పోయిన డేటాను కొత్త డిస్కులో తిరిగి నింపడం) పూర్తికాదు. సెకనుకు 180 ఎంబీ చొప్పున ఆగకుండా నడిచినా 8 టీబీకి పన్నెండు గంటలు దాటుతుంది. మధ్యలో సర్వరును వాడుతూ ఉంటే ఇంకా ఎక్కువ. నేను ఒకేసారి కొన్న నాలుగు డిస్కులతో రైడ్ 5 నడిపాను. ఒకటి పోయి, రీబిల్డ్ 71 శాతం దగ్గర ఉండగా రెండోదానిలో చదవలేని సెక్టార్లు బయటపడ్డాయి. వేరే డిస్కులో కాపీ ఉండబట్టి ఫొటోలు దక్కాయి, వీడియోలు దక్కలేదు.

రెండో జవాబు:
రైడ్ 6లో ఏ రెండు డిస్కులు పోయినా డేటా నిలుస్తుంది. జతల పద్ధతిలో ఒకటి పోయాక మిగిలిన మూడింటిలో దాని జోడీ కూడా పోతేనే నష్టం. పైగా రీబిల్డ్‌కు ఆ జోడీ ఒక్కదాన్నే చదివితే సరిపోతుంది. మీకు ఐదో డిస్కుకు చోటు లేదు గనుక నేనైతే, రైడ్ పనిని కూడా తానే చేసే ఫైల్ సిస్టమ్ అయిన జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రెండు మిర్రర్ జతలే (రెండు డిస్కుల్లోనూ ఒకే కాపీ ఉండే జతలు) పెడతాను. రేపు స్థలం చాలకపోతే ఒక జతను మాత్రం పెద్ద డిస్కులతో మార్చుకోవచ్చు; రెయిడ్‌జెడ్2 (అందులో రైడ్ 6 లాంటిది) అయితే నాలుగూ మార్చేదాకా ఒక్క టీబీ కూడా పెరగదు. వేగం గురించి ఆలోచించకండి, గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకు 110 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. నెలకోసారి స్క్రబ్ (డేటా అంతా చదివి తప్పులు సరిచూసే పని) నడపండి.

మూడో జవాబు:
అమరిక కంటే ముందు డిస్కుల మోడల్ నంబర్లు చూడండి. ఎస్‌ఎంఆర్ రకమైతే (డేటా ట్రాకులు ఒకదానిపై ఒకటి కొంత పరుచుకుని ఉండేవి) రీబిల్డ్ సమయంలో రాత వేగం దారుణంగా పడిపోయి, గంటల పని రోజులకు సాగుతుంది. సీఎంఆర్ రకమే (ట్రాకులు విడివిడిగా ఉండేవి) తీసుకోవాలి. ప్రతి ట్రే ముందు భాగంలో ఆ డిస్కు సీరియల్ నంబరు కాగితంపై రాసి అంటించండి. ఆ చీటీ లేక నేను ఒకసారి పాడైనదాన్ని వదిలి బాగున్న డిస్కును లాగేశాను.

ప్రశ్న అడిగినవారు:
మోడల్ నంబర్లు సరిచూశాను, నాలుగింటిలో రెండు ఎస్‌ఎంఆర్ అని తేలింది. వాటిని సర్వరులో పెట్టను. ఒకదాన్ని ఫొటోల బ్యాకప్‌కు విడిగా ఉంచుతాను. ప్రస్తుతానికి మిగిలిన రెండింటితో ఒక మిర్రర్ జతను మొదలుపెట్టి, సీఎంఆర్ డిస్కులు మరో రెండు వచ్చాక రెండో జతను కలుపుతాను. అప్పటిదాకా 8 టీబీలోనే సర్దుకోవాలి కనుక పాత వీడియోలు కొన్ని బయటి డిస్కులోనే ఉంటాయి.