టేకాఫ్‌లో తడి సాక్సుల కంపు: మీకెప్పుడైనా ఎదురైందా?

గాజువాక_బాబాయ్
మొన్న ఆదివారం రాత్రి వైజాగ్ నుంచి హైదరాబాద్ వస్తున్నాం, నేనూ మా ఆవిడా. రన్‌వే మీద ఇంజిన్లు జోరందుకోగానే ఏసీ గాలిలో ఏదో కంపు. నాకైతే మూడు రోజులు బ్యాగులో మగ్గిన తడి సాక్సుల్లా అనిపించింది. పక్క సీటాయన తన బూట్లకేసి చూసుకుని కాళ్లు లోపలికి లాక్కున్నాడు, పాపం. మా ఆవిడకి కళ్లు మండాయి. ఐదారు నిమిషాల్లో తగ్గింది. ఎవరూ నోరెత్తలేదు, నేనూ ఎత్తలేదు. దిగాక రాత్రంతా తలనొప్పి. ఇది మామూలేనా? చెప్పాల్సిందా? చెబితే మాత్రం ఏం చేస్తారు, కిటికీ తీస్తారా?

ఓరుగల్లు_పోరడు
అన్నా, నాకు వాసన గాదు, పొగే కనవడ్డది. జూన్ల చెన్నైల ఎక్కినం. తలుపులు మూసుడే ఆలస్యం, పైనుంచి తెల్లగ పొగ దిగుతాంది. మా అమ్మ హనుమాన్ చాలీసా అందుకున్నది. ఎయిర్ హోస్టెస్ నవ్వుకుంట "మంచు లాంటిదే అమ్మా" అన్నది. నిజమేనా, మమ్మల్ని ఊకోబెట్టెతందుకు చెప్పిందా?

పానా_మావయ్య
విమానాల మెయింటెనెన్స్‌లో 22 ఏళ్లు చేసి బయటపడ్డవాణ్ణి. ముందు పోరడికి: ఆ అమ్మాయి చెప్పింది నిజమే. బయటి ఉక్కపోత గాలికి లోపలి చల్లటి గాలి తగిలితే ఆవిరి తెల్లగా కనిపిస్తుంది. దానికి వాసన ఉండదు, కళ్లు మండవు, కాస్త కిందికి దిగేలోపే మాయమవుతుంది.

బాబాయ్ గారూ, మీది వేరే కథ. చాలా జెట్ విమానాల్లో మనం పీల్చే గాలి ఇంజిన్‌లోంచే వస్తుంది. గాలిని నొక్కే కంప్రెసర్ దగ్గర వేడివేడి గాలిని కొంత పక్కకి తీసి, 'ప్యాక్' అనే యంత్రంలో చల్లార్చి లోపలికి వదులుతారు. ఇంజిన్ బేరింగులకి ఆయిల్ కావాలి, ఆ ఆయిల్ బయటికి రాకుండా సీళ్లుంటాయి. ఆ సీళ్ల దగ్గర ఆయిల్‌ని ఆపేది కూడా గాలి ఒత్తిడే. కాబట్టి ఇంజిన్ ఒక్కసారిగా జోరు పెంచినప్పుడో తగ్గించినప్పుడో అరిగిన సీలు దగ్గర రవ్వంత ఆయిల్ జారొచ్చు. మీకు సరిగ్గా టేకాఫ్‌లోనే రావడం అందుకే నాకు అనుమానం. తోకలో ఏపీయూ అని చిన్న ఇంజిన్ ఒకటుంటుంది, అందులో ఆయిల్ ఎక్కువ పోసినా ఇదే గోల.

కిటికీ తీయరు గానీ, ఒక ప్యాక్ ఆపి చూస్తారు. వాసన తగ్గితే దొంగ ఆ పక్కే ఉన్నట్టు.

న్యూజెర్సీ_నాని
ఈ భయాలన్నీ యూట్యూబ్ చూసి పెట్టుకున్నవి. ఏటా రెండుసార్లు ఇండియా వచ్చి వెళ్తాను, ఎప్పుడూ ఏం కాలేదు. ఆసుపత్రుల్లో వాడే హెపా ఫిల్టర్లే విమానాల్లోనూ ఉంటాయి. ఆపరేషన్ థియేటరంత శుభ్రం.

పానా_మావయ్య
నాని గారూ, హెపా వైరస్‌నీ దుమ్మునీ పట్టుకుంటుంది, ఆవిరినీ వాసననీ పట్టదు. కాఫీ ఫిల్టర్‌లో పొడి ఆగుతుంది గానీ పరిమళం ఆగదు కదా. పైగా లోపల తిరిగిన గాలే అందులోంచి వెళ్తుంది, ఇంజిన్ నుంచి కొత్తగా వచ్చే గాలి కాదు. మీరొచ్చేది బోయింగ్ 787లో అయితే మీ మాట కొంత నిజం. 2011లో సర్వీసులోకి వచ్చిన ఆ విమానంలో క్యాబిన్ గాలి ఇంజిన్ నుంచి తీసుకోరు, కరెంటు కంప్రెసర్లతో బయటినుంచి లాగుతారు. అయినా ఓవెన్ మాడితే 787లోనూ మాడు కంపే.

మామూలు ప్రయాణాల్లో గాలి బాగానే ఉంటుందనడంలో నాకూ పేచీ లేదు. యూరప్ విమాన భద్రతా సంస్థ 2017లో ప్రచురించిన కొలతల్లో కూడా అదే తేలింది. గొడవల్లా ఆ ఐదారు నిమిషాల గురించే.

ట్రాలీ_అక్క
తొమ్మిదేళ్లుగా క్యాబిన్ క్రూగా చేస్తున్నాను. ఒక మాట చెప్పనా, దయచేసి మాకు చెప్పండి. మా ముక్కులు అలవాటు పడిపోతాయి. ముందు గ్యాలీలో, అంటే మా వంటగదిలో, మాకు కాఫీ వాసన తప్ప ఏదీ తెలీదు, 23వ వరసలో ఏం వస్తోందో మీరే చెప్పాలి. విమానంలో వాసన కొలిచే మీటరేం లేదు, టాయిలెట్‌లోనూ సామాన్ల గదిలోనూ ఉన్నవి పొగ పట్టేవి మాత్రమే.

చెప్పేటప్పుడు "బ్యాడ్ స్మెల్" అంటే మాకేం తెలీదు. ఎక్కడ, ఎప్పుడు మొదలైంది, పైనుంచా కిందనుంచా, అది చెప్పండి. నా అనుభవంలో సగం ఓవెన్‌లో ఒలికిన గ్రేవీయే. ఇంకో సగం మనవాళ్ల సామాను. ఒకసారి పై బిన్‌లోంచి ఎర్రగా కారుతోంది, ఘాటు. వెనక ఒకాయన "ఏదో కెమికల్ లీకు" అని లేచి నిలబడ్డాడు. తీస్తే ఆవకాయ! నాలుగు కవర్లు చుట్టి టేపేసినా నూనె దారి వెతుక్కుని, కింద కూర్చున్నాయన తెల్లచొక్కా మీద సరిగ్గా జేబు దగ్గర పడింది. జాడీ తాలూకు ఆవిడ మాత్రం "అయ్యో, నూనె పోయిందే" అని బాధపడింది.

నవ్వులాట కానిదీ చెప్పాలి. ప్లాస్టిక్ కాలిన వాసనగానీ, చేతిలో ఫోనో పవర్ బ్యాంకో వేడెక్కినట్టుగానీ అనిపిస్తే క్షణం ఆగకండి, బెల్ నొక్కి కూర్చోకండి, అరిచి పిలవండి. ఫోను సీటు సందులో పడితే సీటు కదపొద్దు, నలిగి అంటుకుంటుంది.

ఓరుగల్లు_పోరడు
అక్కా, గంత కంపొస్తే పైనున్న మాస్కులు ఎందుకు ఇడువరు?

ట్రాలీ_అక్క
అవి గాలి ఒత్తిడి పడిపోయినప్పటికి, తమ్ముడూ. ఆ మాస్కులో ఆక్సిజన్‌తోపాటు చుట్టూ ఉన్న గాలి కూడా కలుస్తుంది. అంటే పొగ కూడా పీలుస్తావు. పైలట్లవి వేరు, వాళ్లకి నూటికి నూరు శాతం ఆక్సిజన్. అనుమానం రాగానే వాళ్లు ముందు మాస్కు పెట్టుకుంటారు, తర్వాతే చెక్‌లిస్టు. పొగైతే మీకు మేం తడి గుడ్డ ఇస్తాం, తల కిందికి వంచమంటాం.

డల్లాస్_డాక్టరమ్మ
బాబాయ్ గారూ, తలనొప్పి మర్నాటికి పోయిందా? పోతే సరే. దగ్గు, ఆయాసం, తల తిరగడం ఉంటే చూపించుకోండి, ఆస్తమా ఉన్నవాళ్లయితే అదే రోజు. కార్బన్ మోనాక్సైడ్ అనుమానముంటే రక్తం వెంటనే తీయాలి, మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలో అది నాలుగైదు గంటలకోసారి సగానికి పడిపోతుంది. మర్నాడు తీస్తే రిపోర్ట్ శుభ్రంగా వస్తుంది, ఏమీ తేలదు. ఆయిల్ ఆవిరి పీల్చారని తేల్చే మామూలు రక్త పరీక్ష ఏదీ లేదు. ఆ ఆయిల్‌లో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అనే రసాయనం కొద్దిగా ఉంటుంది, దీర్ఘకాలం ఏం చేస్తుందన్న దానిమీద వాదన ఇంకా నడుస్తోంది. మీ ఒక్క ప్రయాణానికి భయపడక్కర్లేదు. రోజూ ఎగిరే ట్రాలీ_అక్క లాంటివాళ్ల సంగతే నాకు బెంగ.

పానా_మావయ్య
నిర్లక్ష్యం చేయకూడదనడానికి ఒకటి చెబుతాను. 1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవా వెళ్తున్న స్విస్‌ఎయిర్ 111లో పైలట్లకి కాక్‌పిట్‌లో వాసన వచ్చింది. ఏసీదేననుకున్నారు. నిజానికి పైకప్పు వెనక వైర్ల దగ్గర నిప్పు. మొదటి వాసనకీ కెనడా తీరాన సముద్రంలో పడటానికీ మధ్య సుమారు 21 నిమిషాలు, 229 మంది. అప్పట్నించీ పైలట్లు వాసనని తేలిగ్గా తీసుకోరు.

మనూళ్లోదీ ఉంది. 2022 అక్టోబర్‌లో గోవా నుంచి శంషాబాద్ వస్తున్న స్పైస్‌జెట్ వాళ్ల క్యూ400 రకం విమానంలో క్యాబిన్ నిండా పొగ. క్షేమంగా దింపారు. తర్వాత మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, స్పైస్‌జెట్ క్యూ400 ఇంజిన్ల ఆయిల్ శాంపిళ్లు 15 రోజులకోసారి తయారీదారుకి పంపమంది, లోహపు పొడీ సీళ్ల ముక్కలూ ఉన్నాయేమో చూడ్డానికి.

ఇక ఏ వాసన ఏంటో. కిరసనాయిలు వాసన నేలమీద వస్తే ముందున్న విమానం పొగ, కదిలాక పోతుంది. ఘాటుగా గొంతు పట్టేస్తే హైడ్రాలిక్ ద్రవం, ఊదారంగులో ఉంటుంది, చేతికి తగిలితే మంట, నాకు మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది. తియ్యగా ఉంటే చలిదేశాల్లో రెక్కల మీద చల్లే మంచు కరిగించే మందు. ఇంజిన్ ఆయిల్‌ని తెల్లవాళ్లు మురికి సాక్సులంటారు, తడిసిన కుక్కంటారు. మనకి ఇంతకంటే మంచి మాట ఉంది. బాబాయ్ గారూ, ఒక్కసారి ఇంట్లో అక్కయ్య గారిని అడగండి, ఆమెకి ఏ వాసనలా తోచిందో. మీ మాట చెప్పకుండా అడగండి.

గాజువాక_బాబాయ్
అడిగాను. "సాక్సులేంటి, మీ మొహం. పకోడీలు వేసిన మూకుడు పొయ్యి మీదే మర్చిపోతే వచ్చే కమురు వాసన" అంది.

పానా_మావయ్య
కమురు! అదే నేననుకున్నది. ఇక ఆలస్యం చేయకండి. ఫ్లైట్ నంబరు, తేదీ, సీటు వరస, టేకాఫ్‌లో మొదలై ఐదారు నిమిషాలు ఉందని విమాన సంస్థకి రాయండి. ఎవరూ లాగ్‌బుక్కులో రాయకపోతే నా లాంటివాడు ఆ విమానం మూత కూడా తీయడు. రాస్తే ఇంజిన్ రన్ చేసి చూస్తారు, డక్టుల్లో ఆయిల్ తడి ఉందేమో చూస్తారు, ప్యాక్‌ని వేడిమీద నడిపి మిగిలింది కాల్చేస్తారు.

గాజువాక_బాబాయ్
రాస్తున్నాను. అంతా ఇంగ్లీషు ఫారం. 'వాసన ఎలా ఉంది' అని ఓ గడి. కమురుని ఇంగ్లీషులో ఏమంటారు?

పానా_మావయ్య
మాడిన నూనె అని ఇంగ్లీషులో రాసి, పక్కన బ్రాకెట్లో కమురు అని తెలుగులోనే పెట్టండి. హైదరాబాద్ హ్యాంగర్లో ఎవడో ఒకడు మనవాడే ఉంటాడు.